మూజువాణి ఓటుతో నా పేచీ

2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్న తెలుగువాళ్లెవరికైనా ఆ రోజు గుర్తుండే ఉంటుంది. లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు నడుస్తుంటే లైవ్ ఆగిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే బిల్లు పాసైపోయిందని, అదీ మూజువాణి ఓటుతో, అంటే అవును, కాదు అని సభ్యులు అరిచే గొంతులు విని తేల్చేసే ఓటుతో. విభజన మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను పోవట్లేదు. అంత పెద్ద బిల్లు మీద ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అన్న లెక్కే లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత లోక్‌సభ రూల్స్ పుస్తకం తిరగేశాను. సభను ఎలా నడుపుకోవాలో ఆ సభే రాసుకోవచ్చని రాజ్యాంగం 118వ అధికరణంలో చెప్పింది, అసెంబ్లీలకైతే అదే మాట 208లో ఉంది. ఏ బిల్లుకి ఎన్ని గంటలు చర్చ అన్నది బీఏసీలో, అంటే సభా కార్యక్రమాల సలహా కమిటీలో తేలుస్తారు, ఆ టైమ్ పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి చిన్న పార్టీ సభ్యుడు నోరు తెరిచేలోపే గంట కొట్టేస్తారు. అది సరే, నేను ఆగిపోయింది 367వ రూల్ దగ్గర. ముందుగా స్పీకర్ సభ్యుల గొంతులు విని ఫలితం చెబుతారు. ఎవరైనా ఒప్పుకోకపోతే లాబీలు, అంటే సభను ఆనుకుని ఉన్న వరండాలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు ఆగి, మళ్లీ అడగాలి. అప్పటికీ ఒప్పుకోకపోతేనే డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టడం. కానీ డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్‌కి అనిపిస్తే సభ్యుల్ని లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి తేల్చేయొచ్చు, అప్పుడు ఎవరి పేరూ రికార్డులో ఉండదు!

రాజ్యసభ రూల్స్ వేరే. అక్కడ 2020 సెప్టెంబర్ 20న వ్యవసాయ బిల్లులప్పుడు ప్రతిపక్షం డివిజన్ అడిగింది, సభ్యులు తమ సీట్లలో లేరు కాబట్టి కుదరదన్నారు, మూజువాణితోనే కానిచ్చారు. సభలో గందరగోళం నిజమే, కాదనను. కానీ అలాంటప్పుడే కదా లెక్క కావాలి? కేకలు వేసే సభలో ఏ గొంతు ఎక్కువో చెవితో ఎలా తేలుస్తారు?

ఇప్పుడు సీటు ముందే బటన్ ఉంది, నొక్కితే బోర్డు మీద అంకె పడుతుంది. డివిజన్ అడిగితేనే లెక్క అన్న పద్ధతి తీసేసి, ప్రతి బిల్లు చివరి ఓటూ పేర్లతో సహా నమోదు చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఈసారి మా ఎంపీ ఓట్లడగడానికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.