కంటి కింద వాపు, పంటి వేరులో చీము

మా కుక్క రాజాకు ఎడమ కంటి కింద వాపు కనిపించినప్పుడు కందిరీగ కుట్టిందనే అనుకున్నాం. మొదట చూసిన పశువైద్యుడు యాంటీబయాటిక్ ఇచ్చారు. వాపు తగ్గింది గాని, మందు ఆపిన కొద్దికాలానికే తిరగబెట్టింది, ఈసారి చర్మం చిట్లి చీము కారింది. వాడు తిండి మానలేదు. నమలడమంతా కుడివైపుకు మార్చుకున్నాడు, దానితో వాడకం లేని ఎడమ పళ్ళ మీద గార దట్టంగా పేరుకుంది.

దంతవైద్యం తెలిసిన మరో డాక్టరు గారు వాడి పెదవి పైకెత్తి చూపించారు. పై దవడలోని నాలుగవ అగ్రచర్వణకం (కోరపన్ను వెనుక వరుసలోని పన్ను) బయటివైపు పెచ్చు ఊడిపోయి, మధ్యలో చచ్చిన గుజ్జు (పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం) నల్లని చుక్కగా కనబడుతోంది. ఇనుప ఊచలు, ఎండిన ఎముకలు కొరికే కుక్కలకు తరచుగా విరిగేది ఈ పన్నేనట. పెద్ద కుక్కకుండే 42 పళ్ళలో మాంసం కోయడానికి ముఖ్యమైనది ఇదే. దీనికి ముందువైపు రెండు, వెనుక ఒకటి, మొత్తం మూడు వేర్లుంటాయి. వాటి కొనలు కంటి కిందిదాకా చేరతాయి కనుక, పంటి జబ్బు ముఖం మీద తేలుతుంది.

మత్తు ఇచ్చి తీసిన ఎక్స్‌రేలో ముందటి రెండు వేర్లు ఒకదానిమీదొకటి పడి ఒక్కటిగానే కనిపించాయి. కోణం మార్చి తీశాకే విడివడి, ఒకదాని కొన చుట్టూ ఎముక కరిగిన నల్లని వలయం బయటపడింది. కుక్క పంటి వేరు కొన దగ్గర గుజ్జు, గోదావరి సముద్రంలో కలిసే చోట చీలినట్టు, సన్నని పాయలుగా విడిపోతుంది. ఆ పాయల్లోకి ఏ ఫైలూ (వేరు లోపల గీకే సన్నని పనిముట్టు) దూరదు. అందుకే మూడు వేర్ల లోపలి కాలువలనూ గీకి, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్‌తో మళ్ళీమళ్ళీ కడిగి, ఆరబెట్టి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో గట్టిగా మూసివేశారు.

పీకించడం కూడా సరైన చికిత్సే, పన్ను లేకపోయినా కుక్క హాయిగా తింటుంది. అయితే మూడు వేర్ల పన్నును ముక్కలుగా కోసి, చుట్టూ ఎముక తొలిచి తీయాలి. చిగురూ ఎముకా ఇంకా గట్టిగా ఉన్న పన్నును అలా వదులుకోవడం నాకు సమంజసమనిపించలేదు.

కొంతకాలం పెరుగన్నం, మెత్తని ఉడికిన కోడిమాంసం పెట్టాం. చీము కారిన చోట చర్మం మూసుకుని వెంట్రుకలు మొలిచాయి. 6 నెలల తర్వాతి ఎక్స్‌రేలో నల్లని వలయం బాగా చిన్నదైంది. పంటికి లోహపు తొడుగు వేయిస్తే మళ్ళీ విరిగే ప్రమాదం తగ్గుతుందన్నారు గాని, దానికి మరోసారి మత్తు ఇవ్వాలి కనుక ఇంకా ఆలోచిస్తున్నాం.