బ్రేకు అరుగుదలను కాంతితో కొలిచే పరికరానికి పేటెంట్ పొందిన క్రమం: నా అనుభవం

విమానం చక్రంలో ఇమిడి ఉండే బ్రేకులో చక్రంతోపాటు తిరిగే డిస్కులు, తిరగకుండా నిలిచి ఉండే డిస్కులు ఒకదాని తరువాత ఒకటి వరుసగా ఉంటాయి. పైలట్ పెడల్ నొక్కగానే హైడ్రాలిక్ పిస్టన్లు ప్రెషర్ ప్లేటును ముందుకు తోసి ఆ వరుస మొత్తాన్ని బిగించి పట్టుకుంటాయి. డిస్కులు ఎంత అరిగాయో తెలుసుకోవడానికి ప్రెషర్ ప్లేటుకు ఒక సన్నని పిన్ను బిగించి, దాని కొసను పిస్టన్ హౌసింగులోని రంధ్రం గుండా బయటికి కనిపించేలా ఉంచుతారు. దీనిని వేర్ పిన్ అంటారు. అరుగుదల పెరిగేకొద్దీ ఈ పిన్ను లోపలికి పోతుంది, హౌసింగు అంచుతో సమానమైతే ఆ బ్రేకును మార్చవలసిందే. పార్కింగ్ బ్రేకు వేసి ఉంచి, టార్చిలైటుతో చక్రం వెనుకకు వంగి, బయట మిగిలిన పొడవును చూసి రాసుకోవడం ఇప్పటికీ మెకానిక్కులు రోజూ చేసే పని. చక్రాలు, బ్రేకుల ఓవర్‌హాల్‌లో చాలాకాలం పనిచేసిన నేను, ఈ పొడవును ఆప్టికల్ ఫైబర్ ద్వారా కాంతితో కొలిచే ఏర్పాటును ఒక మిత్రుడితో కలిసి తయారుచేసి దానికి భారతీయ పేటెంట్ పొందాను. ఈ దారిలో అడుగుపెట్టాలనుకునే ఇంజనీర్లకు ఉపయోగపడుతుందని ఆ క్రమాన్ని రాస్తున్నాను.

కార్బన్ డిస్కుల అరుగుదలకు ఒక ప్రత్యేకత ఉంది. బ్రేకును ఎంత గట్టిగా వేశారన్నదాని కంటే ఎన్నిసార్లు వేశారన్నదే వాటి ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుంది. కాబట్టి రన్‌వే మీద ఒక్కసారి గట్టిగా వేసిన బ్రేకు కంటే, ట్యాక్సీవే మీద ఆగుతూ కదులుతూ పదేపదే వేసిన బ్రేకే వాటిని త్వరగా అరగదీస్తుంది. మన హైదరాబాదులోనే డీఆర్‌డీవోకు చెందిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ తేజస్ యుద్ధవిమానం కోసం కార్బన్-కార్బన్ బ్రేకు డిస్కులను రూపొందించిందన్న సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, మాకు అదొక ధైర్యం కూడా.

నా మిత్రుడిది ఫైబర్ నెట్‌వర్కుల పని. స్ప్లైసింగ్ యంత్రం మీద ఫైబర్లను అతికించడంలో మంచి పనితనం ఉన్నవాడు. నెట్‌వర్కుల్లో వాడే సింగిల్‌మోడ్ ఫైబర్‌లో 125 మైక్రాన్ల క్లాడింగ్ (కోర్ చుట్టూ ఉండే గాజు పొర) మధ్య కాంతి నడిచే కోర్ వ్యాసం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. పిన్ను కొస నుంచి తిరిగివచ్చే చెదిరిన కాంతిని అంత చిన్న కోర్ పట్టుకోలేదని, పెద్ద కోర్ ఉన్న మల్టీమోడ్ ఫైబర్ తీసుకోవాలని మొదటే చెప్పినవాడు అతనే. మామూలు ఫైబర్ మీద ఉండే అక్రిలేట్ పూత సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వరకే నిలుస్తుంది కనుక, 300 డిగ్రీల దాకా తట్టుకునే పాలీఇమైడ్ పూత ఉన్నదాన్ని ఎంచుకున్నాం. ఒక ఫైబర్ కాంతిని పంపుతుంది, వేర్వేరు దూరాల్లో ఉన్న రెండు ఫైబర్లు తిరిగివచ్చిన కాంతిని అందుకుంటాయి. ఆ రెండింటి నిష్పత్తిని చూస్తే, కాంతి మూలం బలహీనపడినా కొలత మారదు.

అయితే ప్రయోగశాలలో చక్కగా పనిచేసినది బ్రేకు దగ్గర పనిచేయలేదు. కార్బన్ డిస్కులు రాసుకున్నప్పుడు రాలే నల్లటి పొడి, చేతికి అంటితే సబ్బుతో రుద్దినా త్వరగా వదలని ఆ మెత్తని పొడి, ఫైబర్ల ముందున్న సఫైర్ కిటికీ మీద ఒకచోట దట్టంగా, మరొకచోట పలచగా పేరుకుని నిష్పత్తినే తప్పుదారి పట్టించింది. దీనికి పరిష్కారం పిన్నులోనే దొరికింది. బ్రేకు వేసినప్పుడల్లా పిన్ను కొద్దిగా లోపలికి, వదిలినప్పుడు మళ్లీ బయటికి కదులుతుంది. పిన్ను పక్కన సన్నని లోహపు తీగల కుచ్చును అమర్చితే, బ్రేకు వేసిన ప్రతిసారీ అది కిటికీని తుడుచుకుంటూ పోతుంది. సఫైర్ గట్టిది కనుక గీతలు పడవు, అదనపు మోటారు అవసరం లేదు, మనిషి చెయ్యి పెట్టవలసిన పని లేదు.

పేటెంట్ దరఖాస్తుకు ముందు పాత పేటెంట్లను వెతకడం తప్పనిసరిగా చేయవలసిన పని. మన పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్, ఐరోపా వారి ఎస్పాస్‌నెట్, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) వారి పేటెంట్‌స్కోప్ ఉచితంగానే దొరుకుతాయి. మాటలతో వెతికితే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు వాడి ఉంటారు కనుక, వర్గీకరణ సంఖ్యలతో వెతకడం మంచిది. బ్రేకు అరుగుదల సూచికలకు ఎఫ్16డి 66/02, విమానాల బ్రేకు ఏర్పాట్లకు బి64సి 25/42, ఫైబర్ సెన్సర్లకు జి01డి 5/353 మాకు పనికివచ్చాయి. క్లెయిములు, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు, ఎలా రాస్తారో నేర్చుకోవడానికి కార్నింగ్ సంస్థకు చెందిన మౌరర్, షుల్ట్జ్‌ల 36,59,915 సంఖ్య గల అమెరికా పేటెంటును శ్రద్ధగా చదివాను. నేటి సమాచార ప్రపంచానికి పునాది వేసిన ఆ ఫైబర్ గురించి వారు ఎక్కడా గొప్పలు చెప్పుకోలేదు. సిలికాలో కలిపే పదార్థం క్లాడింగ్‌లో కంటే కోర్‌లో ఎక్కువగా ఉండాలని, అందువల్ల కోర్ వక్రీభవన గుణకం అధికం కావాలని, కట్టుబాటు ఉన్న మాటల్లో చెప్పారు. ఆశయానికి కాక దాన్ని సాధించిన నిర్మాణానికే హక్కు దొరుకుతుందని నాకు అక్కడే బోధపడింది.

తెలుగు రాష్ట్రాలవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి, అంతా ఆన్‌లైనులోనే జరుగుతుంది. వ్యక్తులుగా దరఖాస్తు చేసుకున్నందున 30 పేజీలకు, 10 క్లెయిములకు లోబడి రుసుము 1,600 రూపాయలు, దరఖాస్తును పరీక్షించమని కోరడానికి మరో 4,000 రూపాయలు కట్టాం. మా తరఫున దరఖాస్తు నడిపిన పేటెంట్ ఏజెంటుగారి ఫీజు వేరు. ఫారం 1, 2, 3, 5, 26 వంటివి ఆమె చూసుకున్నారు, వాటి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు.

ఆవిష్కరణను వివరించే పత్రమైన స్పెసిఫికేషన్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషన్ దాఖలు చేసి, 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇచ్చే వీలుంది. ప్రొవిజనల్ అంటే ఒక పేజీలో సారాంశం రాసి తేదీ సంపాదించుకోవడమేనని చాలామంది అనుకుంటారు. మా ఏజెంటుగారు దానికి ఒప్పుకోలేదు. "సార్, మీరు చేసినదంతా, చేయగలిగినదంతా ఇప్పుడే రాయండి. తరువాత చేర్చిన కొత్త విషయానికి ఈ తేదీ దక్కదు" అని, తీగల కుచ్చును ఏ కోణంలో అమర్చాము, తీగల బదులు సిరామిక్ అల్లిక వాడవచ్చా, కుచ్చును పిన్నుకు కాక హౌసింగుకు బిగిస్తే ఏమవుతుంది అని గుచ్చిగుచ్చి అడిగి ప్రతి జవాబునూ రాయించారు. ప్రతి భాగానికి బొమ్మలో ఒక అంకె వేసి, పాఠంలో ఆ భాగం పేరు వచ్చిన ప్రతిచోటా అదే అంకె ఇచ్చాం. దాఖలుకు ముందు ఒక సదస్సులో ఈ పరికరం గురించి ప్రసంగించాలని అనుకున్నాం గాని, ముందుగా బయటపెడితే కొత్తదనమే పోయే ప్రమాదం ఉందని ఆమె చెప్పగా ఆ ప్రసంగాన్ని దాఖలు తరువాతికి మార్చుకున్నాం.

దరఖాస్తు 18 నెలల తరువాత ప్రచురితమవుతుంది. పరీక్ష కోరుతూ ఫారం 18 వేయకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకు ఇదివరకు 48 నెలల గడువు ఉండేది, 2024లో సవరించిన నిబంధనల ప్రకారం 31 నెలలకు తగ్గింది. మేము ఆలస్యం చేయకుండా వేశాం.

మొదటి పరీక్షా నివేదిక వచ్చినప్పుడు అసలు పని మొదలైంది. పరీక్షకులు రెండు పాత పేటెంట్లను ముందు పెట్టారు. ఒకదానిలో బ్రేకు అరుగుదలను విద్యుత్ సెన్సరుతో కొలిచే ఏర్పాటు ఉంది, రెండవదానిలో ఫైబర్ల నిష్పత్తితో దూరాన్ని కొలిచే సెన్సరు ఉంది. ఈ రెండింటినీ కలపడం ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి సహజంగా తోచేదే కనుక ఆవిష్కరణ దశ లేదన్నారు. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చడమేనంటూ పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) అభ్యంతరం కూడా లేవనెత్తారు. మా మొదటి క్లెయిమును విశాలంగా రాసుకున్నాం కనుక, దాని మీద ఆ మాట న్యాయమైనదే.

జవాబుకు ఆరు నెలల గడువు ఉంటుంది. ఆ రెండు పత్రాలనూ చివరి వాక్యం దాకా చదివాం. రెండింటిలోనూ కార్బన్ పొడి ప్రస్తావనే లేదు. సమస్యనే గుర్తించని పత్రాలు దాని పరిష్కారానికి దారి చూపలేవన్నది మా వాదన. కుచ్చు, పిన్ను, కిటికీల సంబంధాన్ని మొదటి క్లెయిములోకి తెచ్చి పరిధిని కుదించుకున్నాం. సెక్షన్ 59 ప్రకారం మొదట వెల్లడించిన విషయానికి మించి సవరణ చేయకూడదు. మొదటి రోజే రాయించిన ఆ పేరా, ఆ బొమ్మ లేకపోతే మేము నిలబడటానికి చోటే ఉండేది కాదు.

తరువాత వీడియో ద్వారా విచారణ జరిగింది. తుడిచే కుచ్చులు ఎక్కడైనా ఉన్నవే కదా, ఇందులో కొత్త ఏముందని విచారణ జరిపిన పేటెంట్ కార్యాలయం కంట్రోలరుగారు సూటిగా అడిగారు. మామూలు వైపరును కదిలించడానికి వేరే శక్తి కావాలని, ఇక్కడ కొలవవలసిన వస్తువే తన కదలికతో కొలిచే కిటికీని శుభ్రం చేస్తుందని, పొడి ఎక్కువగా రాలే సందర్భంలోనే, అంటే బ్రేకు వేసినప్పుడే, తుడవడమూ జరుగుతుందని చెప్పాను. ఆయన బొమ్మ తెరిచి పిన్ను కదిలే దిశను మళ్లీ చెప్పించుకున్నారు. కుచ్చు, పిన్ను కలిసి పనిచేస్తున్నాయని, విడివిడిగా కాదని వివరించడంతో 3(ఎఫ్) అభ్యంతరానికీ సమాధానం దొరికింది. విచారణ తరువాత 15 రోజుల్లో ఇవ్వవలసిన లిఖితపూర్వక వాదనలో ఈ మాటలనే క్రమంగా పెట్టాం. కొంతకాలానికి పేటెంట్ మంజూరైంది.

హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. మూడవ సంవత్సరం నుంచి ఏటా రుసుము కట్టి నిలుపుకోవాలి, వినియోగంలో ఉందో లేదో ఫారం 27లో తెలపాలి. పేటెంట్ ఉన్నంతమాత్రాన పరికరాన్ని విమానానికి తగిలించే అనుమతి వచ్చినట్టు కాదు. ఇతరులు వాడకుండా ఆపే హక్కు వేరు, ఎగరడానికి యోగ్యమని విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే ఆమోదం వేరు. అందుకోసం వేడి, కంపనం, హైడ్రాలిక్ ద్రవం తగిలినప్పుడు పూత నిలకడ వంటి పరీక్షలు ఇప్పుడు ఒక్కొక్కటిగా చేస్తున్నాం. పాలీఇమైడ్ పూత ఉన్న ఫైబరును స్కైడ్రాల్ అనే విమాన హైడ్రాలిక్ ద్రవంలో నానబెట్టి, తీసి, వంచి, మళ్లీ కాంతి పంపి చూస్తున్నాం. ఆ పరీక్షల కొలతలను తారీఖుతో సహా పుస్తకంలో రాసి ఇద్దరమూ సంతకాలు చేస్తున్నాం, ఎందుకంటే కుచ్చును మార్చి చేసిన కొత్త అమరిక ఒకటి మరో దరఖాస్తుకు సిద్ధమవుతోంది.