వంకాయ డీఎన్ఏతో నా తిప్పలు

నేను వెతుకుతున్న వంకాయ జన్యువు ముక్క సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరస) ఫైల్ నిన్న వచ్చింది. బ్లాస్ట్‌లో (తెలిసిన సీక్వెన్స్‌లతో పోల్చే ప్రోగ్రామ్) పెడితే బంగాళాదుంప, టమాటాల్లో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ జన్యువులతో సరిపోలింది. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది కాబట్టి రాస్తున్నా.

కోసిన వంకాయ నల్లబడేది ఈ ఎంజైమ్ వల్లే. టమాటాలో దీని జన్యువులకు ఇంట్రాన్లు (జన్యువు మధ్యలో ఉండి, ఆర్ఎన్ఏలో కత్తిరించబడే ముక్కలు) లేవు, వంకాయ దానికి దగ్గర చుట్టం, అందుకే ఆర్ఎన్ఏ జోలికి పోకుండా ఆకు డీఎన్ఏ నుంచే ముక్క తీద్దామనుకున్నా. ఎంజైమ్‌లో రాగిని పట్టుకునే రెండు చోట్లు మొక్కల్లో పెద్దగా మారవు, అక్కడికి డీజనరేట్ ప్రైమర్లు (పీసీఆర్‌లో, అంటే డీఎన్ఏ ముక్కకు కాపీలు తీసేటప్పుడు, ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న ముక్కలు; అక్షరాలు కాస్త అటూఇటూ అయినా అతుక్కునేవి) డిజైన్ చేయడం రెండు రోజుల పని.

డీఎన్ఏ తీయడం దగ్గరే పరువు పోయింది. సీనియర్ ఇచ్చిన సీటాబ్ ప్రొటోకాల్ (సీటాబ్ అనే డిటర్జెంట్‌తో డీఎన్ఏ తీసే పద్ధతి) అక్షరం తప్పకుండా చేశా. ఆకు నూరి, 65 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి, క్లోరోఫామ్‌తో శుభ్రం చేసి, ఐసోప్రొపనాల్ పోస్తే తెల్లటి దారాలు రావాలి కదా, నాకు గోధుమరంగు జిగురు వచ్చింది. నీళ్లలో కరగదు, డీఎన్ఏని సైజు ప్రకారం విడదీసే జెల్ గుంటలో పోస్తే దిగకుండా పైకి తేలుతుంది, శుద్ధత చెప్పే 260/280 నిష్పత్తి చూస్తే 1.4 మాత్రమే, పీసీఆర్‌లో ఏమీ లేదు. ఇలా మూడు వారాలు! ల్యాబ్ మీటింగ్‌లో సార్ ట్యూబ్ ఎత్తి చూసి "ఏమ్మా, డీఎన్ఏనా, చింతపండు గుజ్జా?" అన్నారు. అందరూ నవ్వారు. సీనియర్ అయితే "నీ చేతి మహిమ" అన్నాడు.

తీరా చూస్తే సీనియర్ చేసింది వరి మీద. అందుకే ఆ కాగితంలో ఫినాల్స్‌ని (కోస్తే నల్లబడే రసాయనాలు) పట్టేసే పీవీపీ లేదు, వాటి ఆక్సీకరణను ఆపే బీటా మెర్కాప్టోఇథనాల్ కూడా లేదు. వంకాయ ఆకు నిండా ఫినాల్సే, నూరగానే ఆక్సీకరణ చెంది డీఎన్ఏకి అంటుకుంటాయి. అంటే నేను ఏ ఎంజైమ్ జన్యువు కోసం వెతుకుతున్నానో అదే నా శాంపిల్ పాడుచేస్తోందన్నమాట! అమ్మ వంకాయలు ఉప్పునీళ్లలోకి తరుగుతుంటే ఇరవై ఏళ్లు చూశాను, ఒక్కసారీ తట్టలేదు.

పీవీపీకి ఇండెంట్ పెడితే స్టోర్స్‌లో మూడు కొటేషన్లు తెమ్మన్నారు. పక్క డిపార్ట్‌మెంట్‌లో రెండు చెంచాలు అప్పు తెచ్చుకున్నా. మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టి (పిండిపదార్థం తగ్గుతుంది), లేత ఆకులే కోసి, పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ కలిపి, క్లోరోఫామ్ రెండుసార్లు చేశా. తెల్లటి దారం! పీసీఆర్ రెండో ప్రయత్నానికే 500 బేస్ పెయిర్ల (డీఎన్ఏ అక్షరాల జతల) దగ్గర బ్యాండ్ ఇచ్చింది.

మెర్కాప్టోఇథనాల్ మాత్రం ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి, కుళ్లిన గుడ్ల కంపు.

ఆ పీవీపీ డబ్బా ఇవాళ పొద్దున వచ్చింది, సంతకం పెట్టి తీసుకెళ్లమన్నారు.