పాజ్ నొక్కిన సార్

పదో తరగతి మొదటి ఫిజిక్స్ క్లాసు. తెర మీద చంద్రుడు. అపోలో 15 కమాండర్ డేవిడ్ స్కాట్ ఒక చేతిలో సుత్తి, రెండో చేతిలో డేగ ఈక పట్టుకుని నిలబడ్డాడు. 1971 నాటి వీడియో, అంతా మసక మసకగా ఉంది. ఇదిగో వదిలేస్తున్నాడు అనగా సార్ పాజ్ నొక్కారు.

"ఏది ముందు పడుతుంది? పెన్నుతో రాయండి, పెన్సిల్ వద్దు. ఎందుకని అనుకుంటున్నారో కూడా ఒక్క వాక్యం."

రాశాం. వీడియో మళ్లీ మొదలవుతుందని చూస్తుంటే ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. "మిగతాది రేపు."

ఆ రోజంతా మా క్లాసులో అదే గొడవ. చంద్రుడి మీద గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి రెండూ గాల్లో తేలుతూ ఉంటాయని నేను రాశాను. పక్క బెంచీ అమ్మాయి ఒక్కటే అడిగింది: "మరి ఆయనెలా నిలబడ్డాడు?" నా దగ్గర జవాబు లేదు. పైగా అక్కడ "గాలి" అనేదే లేదన్న సంగతి నాకు తట్టనే లేదు. మర్నాడు సార్ ప్లే నొక్కితే సుత్తి, ఈక రెండూ మెల్లగా, కలిసే దిగాయి. క్లాసంతా చప్పట్లు. నా నోట్‌బుక్ మొదటి పేజీలో మాత్రం ఆ తప్పు పెన్నుతో అలాగే ఉండిపోయింది.

"టెక్నాలజీతో సైన్స్ చెప్పిన మాస్టారు" గురించి రాయమని ఈ సంచిక వాళ్లు అడిగారు. నిజమే, సార్ దగ్గర ప్రొజెక్టర్ ఉండేది, ప్రయోగాన్ని కంప్యూటర్ తెర మీదే ఆడించి చూపే సిమ్యులేషన్లు ఉండేవి, స్కూల్లో పిల్లలెవరికీ ఫోన్ అనుమతి లేని రోజుల్లో ఆయన ఫోనే మాకు సగం ల్యాబు. కానీ వీడియోలు అంతకుముందూ చూశాం. లైట్లు ఆర్పేవారు, మేం హాయిగా నిద్రపోయేవాళ్లం. సార్ క్లాసులో నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ పాజ్ బటనే అని నా నమ్మకం. ముందు మా మాట మా చేత రాయించుకునేవారు, తెర తర్వాత. సొంత మాట తప్పో ఒప్పో తేలబోతుంటే ఎవడికి నిద్రొస్తుంది?

కరెంటు పాఠం ఇంకా బాగా గుర్తుంది. ఒక బ్యాటరీకి ఒకలాంటి రెండు బల్బులు వరసగా కలిపితే రెండోదానికి కరెంటు తక్కువ అందుతుందా, సమానంగా అందుతుందా, ఎక్కువ అందుతుందా? జవాబు నోటితో చెప్పకూడదు. ఒకటా, రెండా, మూడా అని వేళ్లు గుండెకి ఆనించి చూపించాలి, పక్కవాడికి కనపడకుండా. సార్ లెక్కపెట్టుకునేవారు. ఆ తర్వాత మనతో ఏకీభవించని వాడిని వెతుక్కుని రెండు నిమిషాలు వాదించాలి. మళ్లీ వేళ్లు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లోనే ఇలా క్లాసు నడిపారనీ, దానికి పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. సార్ మాకా పేరెప్పుడూ చెప్పలేదు.

మాలో ఎక్కువమంది "తక్కువ" అనే చూపించారు. మొదటి బల్బు కొంత తినేస్తుంది కదా, మిగిలిందే రెండోదానికి! అప్పుడు తెర వెలిగింది. ఫెట్ సిమ్యులేషన్. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టించినది, ఉచితం. తీగల్లో ఎలక్ట్రాన్లు నీలం గోళీల్లా ఒకే వేగంతో దొర్లిపోతున్నాయి. మొదటి బల్బుకి ముందు, మధ్యలో, రెండోదాని తర్వాత, మూడు చోట్లా కరెంటు కొలిచే అమ్మీటర్ ఒకే అంకె చూపించింది. సరే, ఓడిపోయాం అనుకున్నాం.

పాఠం అక్కడ అయిపోయి ఉంటే ఇంతగా గుర్తుండేది కాదేమో. సార్ సొరుగులోంచి నిజం బల్బులు, బ్యాటరీ తీసి టేబుల్ మీద కలిపారు. రెండో బల్బు గుడ్డిగా వెలిగింది! వెనక బెంచీల నుంచి ఒకటే అరుపులు, "చూశారా సార్!" అని. కంప్యూటర్ అబద్ధం చెప్పిందని తేల్చేశాం. సార్ నవ్వలేదు, కోప్పడలేదు. బల్బులు రెండూ ఊడదీసి, మొదటిదాని చోట రెండోది, రెండోదాని చోట మొదటిది బిగించారు. గుడ్డి బల్బు ముందుకొచ్చినా గుడ్డిగానే ఉంది. తేడా చోటులో లేదు, బల్బులోనే ఉంది. బయటికి ఒకలాగే కనిపించినా లోపలి ఫిలమెంట్లు ఒకటి కావు. "తెర మీద బల్బులు కవలలు. కొట్లో కొన్నవి కావు" అన్నారు. సిమ్యులేషన్ చూపించిన ప్రతిసారీ ఆయన అసలు సరుకు కూడా ఎందుకు పక్కన పెట్టేవారో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక నా దొంగతనం సంగతి చెప్పాలి.

టెన్నిస్ బంతిని 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదలడం, సార్ ఫోన్లో వీడియో తీయడం, ఎన్ని ఫ్రేముల్లో నేలను తాకిందో లెక్కపెట్టి 'జి' విలువ, అంటే గురుత్వ త్వరణం, కట్టడం. ఇదీ పని. ఫోన్ సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తే మాకు ఒకసారి 14 వచ్చింది, ఇంకోసారి 15. ఏదీ నచ్చలేదు. పుస్తకంలో 9.8 అని ఉంది కదా, మేమూ నీట్‌గా 9.8 అని రాసి ఇచ్చేశాం. పై లెక్కంతా 9.8 నుంచి వెనక్కి కట్టిందే.

సార్ ఆ కాగితం చూసి నన్ను పిలిచారు. "14 ఫ్రేములైతే 11.0 వస్తుంది, 15 అయితే 9.6. ఈ ఎత్తుకి 9.8 రావాలంటే 14.85 ఫ్రేములు కావాలి. ఆ పాయింట్ ఎనిమిది అయిదు ఫ్రేము ఏ కెమెరాతో తీశారురా?"

తిడితే బాగుండేది. ఆయన నిజంగానే జవాబు కోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే జవాబు అంత మారిపోతుందన్నది ఆ వీడియోలో అసలు పాఠం. మేం దాన్నే చెరిపేశాం. తర్వాతి వారం సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ ఒకటి ఎవరినో అడిగి తెచ్చారు. ఈసారి 117 వచ్చాయి. జి విలువ 10.1. ఒక ఫ్రేము ఎక్కువైనా తక్కువైనా 9.9, 10.3 మధ్యే ఉంటుంది. అంటే 9.8 దగ్గరికి రావడం లేదు. బుద్ధిగా 10.1 అనే రాశాం. సార్ దాని పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.

అన్నీ మంచివే చెబితే మర్యాదగా ఉండదు. సిలబస్ చివర్లో ఎప్పుడూ పరుగే. కాంతి పాఠం సగం మేమే చదువుకున్నాం. ఆయన బోర్డు రాత దేవుడికి కూడా అర్థమయ్యేది కాదు. ఇద్దరు టీచర్ల ఫోన్లలో ఫైఫాక్స్ అనే యాప్ వేసి (ఒక ఫోన్ పక్కన కొట్టిన చప్పట్టుకి మొదలై, రెండో ఫోన్ పక్కన కొట్టిన చప్పట్టుకి ఆగే స్టాప్‌వాచీ అందులో ఉంటుంది), వాటిని 5 మీటర్ల దూరంలో పెట్టి, చప్పట్లతో ధ్వని వేగం కనుక్కునే ప్రయోగం చేయించారు. పక్క క్లాసు నుంచి ఫిర్యాదు వచ్చేదాకా చప్పట్లు కొట్టాం. రెండు ఫోన్ల స్టాప్‌వాచీల తేడా సెకనులో వందో వంతులు మూడైనా ఉండదు, ధ్వని అంత చిన్న సందులో అటు అయిదు, ఇటు అయిదు, మొత్తం పది మీటర్లు నడిచేస్తుంది. అది మా చేతుల్తో దొరికిందన్న సంతోషానికి ఆ చీవాట్లు ఒక లెక్క కాదు.

ఈ వ్యాసం కోసం పాత నోట్‌బుక్ వెతికి, సార్‌కి ఫోన్ చేశాను. 10.1 సంగతి గుర్తుచేస్తే, రిటైరైన మనిషి, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎత్తు బంతి అడుగు నుంచి కొలిచారా, మధ్య నుంచా?"

పేజీ తీసి చూశాను. బొమ్మ చక్కగా ఉంది. 1.2 మీటర్ల బాణం గుర్తు బంతి నడిమధ్య నుంచి మొదలైంది. నేలను తాకేది అడుగు కదా! టెన్నిస్ బంతిలో సగం అంటే 3.3 సెంటీమీటర్లు తీసేసి మళ్లీ లెక్క కట్టాను. 9.82. ఇన్నేళ్లకి! ఆ పేజీ ఫోటో తీసి, కొత్త లెక్క కింద రాసి, వాట్సాప్‌లో సార్‌కి పంపాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి జవాబొచ్చింది.

"ఆ బంతి వ్యాసం ఎవరు కొలిచారు?"