నంబర్ పాతది, లెక్క కొత్తది: పవర్ బీఐలో బిల్డ్ వెర్షన్ చూపించడం, నా అనుభవం

ఎట్టకేలకు నిన్న తేలింది. రుషికొండలో మా టీమ్ పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్)లో చేసే ప్రతి రిపోర్టు కింద ఇప్పుడు మూడు చిన్న వరసలుంటాయి: మోడల్ (టేబుళ్ళు, లెక్క సూత్రాలు) బిల్డ్ నంబర్, రిపోర్ట్ (కనిపించే పేజీలు) బిల్డ్ నంబర్, డేటా నింపిన సమయం. ఒక్క నంబర్ చాలదా అంటారా? నేనూ అలాగే అనుకున్నాను, అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

మొదటి పని తేలికే. ఫైలును ఒకే పీబీఐఎక్స్ ఫైలుగా కాకుండా పీబీఐపీ ప్రాజెక్టుగా సేవ్ చేసి, మోడల్‌కు టీఎండీఎల్ అనే ఫార్మాట్ ఎంచుకుంటే అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్ళవుతుంది, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకోవచ్చు. బిల్డ్‌లు నడిపే మైక్రోసాఫ్ట్ సేవ అజూర్ పైప్‌లైన్స్ తనంతట తానే 20250611.2 లాంటి బిల్డ్ నంబర్ ఇస్తుంది: తేదీ, చుక్క, ఆ రోజు ఎన్నో బిల్డో.

ఆ నంబర్‌ను పవర్ క్వెరీ (డేటాను తెచ్చి సర్దే భాగం) పారామీటర్‌లో పెట్టి, దాంతో ఒకే వరస ఉన్న టేబుల్ చేసి, కార్డ్ మీద చూపించాను. డెస్క్‌టాప్‌లో బాగానే ఉంది. ప్రొడక్షన్‌కి (క్లయింట్ వాడే చోటికి) డిప్లాయ్ చేసి, గాజువాక వైపున్న క్లయింట్ దగ్గర పెద్ద తెర మీద తెరిస్తే పాత నంబరే! "ఏటండీ, మార్చేశామన్నారు, ఇది పోయిన వారందే కదా" అన్నారు స్టోర్స్ పెద్దాయన. విచిత్రం ఏమిటంటే, అదే పేజీలో స్టాక్ లెక్క మాత్రం కొత్త సూత్రం ప్రకారమే వస్తోంది. నమ్మరు కదా, నంబర్ పాతదని కళ్ళెదుటే కనిపిస్తుంటే.

కారణం ఇది. ప్రొడక్షన్‌కి పంపే పవర్ బీఐ డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్ మోడల్ నిర్మాణాన్ని మాత్రమే మోస్తుంది, డేటాను కాదు. పవర్ క్వెరీలో పుట్టి టేబుల్‌లో చేరిన విలువ డేటా కిందే లెక్క, రిఫ్రెష్ (డేటా మళ్ళీ నింపడం) అయ్యేదాకా కదలదు. డాక్స్ (DAX) మెజర్, అంటే మోడల్‌లో రాసే లెక్క సూత్రం, నిర్మాణంలో భాగం కాబట్టి డిప్లాయ్ అవగానే మారుతుంది. పైగా ఆ రాత్రి రిఫ్రెష్ ఫెయిల్. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చిన అక్కడి ఐటీ వాళ్ళు గేట్‌వేలో (వాళ్ళ డేటాబేస్‌ను పవర్ బీఐకి కలిపే వారధిలో) మార్చలేదు, మాకో మాటా చెప్పలేదు. తిట్లు మాత్రం మాకు.

కాబట్టి వెర్షన్‌ను మెజర్‌లో కోట్స్ మధ్య టెక్స్ట్‌గా రాయండి. అక్కడ ఒక గుర్తు పదం పెట్టి, బిల్డ్‌లో పవర్‌షెల్ స్క్రిప్ట్‌తో దాన్ని అసలు నంబర్‌గా మార్చండి. ఇక్కడో గుంట ఉంది: పాత పవర్‌షెల్ 5.1కి ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) చెప్పకపోతే యూటీఎఫ్-8 ఫైలును తప్పుగా చదువుతుంది, తెలుగులో పెట్టుకున్న కాలమ్ పేర్లన్నీ పిచ్చి గీతలైపోతాయి. చదివేటప్పుడూ రాసేటప్పుడూ రెండుచోట్లా యూటీఎఫ్-8 అని చెప్పాలి. బిల్డ్ నంబర్‌కు బదులు గిట్ ట్యాగ్ (విడుదలకు మనం పెట్టే పేరు) కావాలంటే పైప్‌లైన్‌లో ఫెచ్ డెప్త్ 0 పెట్టండి, అంటే చరిత్ర మొత్తం దిగాలని, లేకపోతే ఒక్క కమిట్టే (చివరి మార్పే) దిగి ట్యాగ్ దొరకదు.

రిపోర్ట్ బిల్డ్ వేరుగా ఎందుకంటే, యాప్ ద్వారా చూసేవాళ్ళకు మోడల్ మార్పు వెంటనే చేరుతుంది, పేజీల మార్పు మాత్రం ఎవరైనా 'అప్‌డేట్ యాప్' నొక్కేదాకా చేరదు. రిపోర్ట్ పేజీలో ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, అందులోనూ అదే గుర్తు పదం రాస్తే చాలు. మోడల్ కొత్తదై రిపోర్ట్ పాతదైతే, ఆ బటన్ ఎవరూ నొక్కలేదన్నమాట.

ఇక సమయం. మెజర్‌లో నౌ (NOW) ఫంక్షన్ వాడకండి, అది చూసిన సమయం చెబుతుంది, నింపిన సమయం కాదు. నింపిన సమయం పవర్ క్వెరీలోనే పుట్టాలి. అలాగని అక్కడ లోకల్ నౌ ఫంక్షన్ వాడితే ల్యాప్‌టాప్‌లో మన సమయం, ఆన్‌లైన్ పవర్ బీఐ సర్వీస్‌లో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం). ఉదయం 6 గంటల షిఫ్టు కోసం 5 గంటలకు రిఫ్రెష్ పెడితే తెర మీద నిన్నటి తేదీ, రాత్రి 11:30 కనిపిస్తుంది. యూటీసీ నౌ ఫంక్షన్‌తో సమయం తీసుకుని, స్విచ్ జోన్‌కు 5, 30 (గంటలు, నిమిషాలు) ఇచ్చి, రిమూవ్ జోన్‌తో జోన్ తీసేయండి.

వెర్షన్‌ను సీఎస్‌వీ ఫైలు నుంచి తెచ్చేవాళ్ళు ఆటోమేటిక్‌గా చేరే 'చేంజ్డ్ టైప్' స్టెప్ చూసుకుని, ఆ కాలమ్‌ను టెక్స్ట్ చేయండి. లేదంటే 1.10 దశాంశమై 1.1 అయిపోతుంది. 1.9 తర్వాత 1.1 విడుదల చేసిన ఘనత మాదే.