నా పిస్టల్ లైసెన్స్‌కి మా ఆయన సంతకం ఎందుకు?

నిన్న సాయంత్రం లైసెన్స్ చేతికొచ్చింది. 0.22 అంగుళాల తూటా పట్టే స్పోర్ట్స్ పిస్టల్‌కి, టార్గెట్ షూటింగ్ కోసం. సంతోషంగానే ఉంది కానీ కోపం ఇంకా తగ్గలేదు. షూటింగ్ రేంజ్‌లో నాతో పాటు నేర్చుకుంటున్న ఆడవాళ్లు కొందరు ఇదే పనికి దిగబోతున్నారు, వాళ్లకోసమైనా ఇప్పుడే రాసేస్తున్నాను.

నాకు నలభై ఆరేళ్లు, హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మొదట్లో మా అమ్మాయిని రేంజ్‌లో దింపడానికి వెళ్లేదాన్ని, గంటల తరబడి ఊరికే కూర్చోలేక నేనూ పేరిచ్చాను. గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ పిస్టల్‌తో, 10 మీటర్ల దూరం నుంచి కొట్టే పోటీతో మొదలుపెట్టాను. ఒంటి చేత్తోనే పట్టుకోవాలి, రెండో చెయ్యి ఆనించకూడదు. పది పాయింట్లొచ్చే మధ్య వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. మ్యాచ్ అంటే గంటా పావులో 60 షాట్లు. ఆ సేపట్లో బ్రాంచ్ గుర్తుకురాదు, ఇల్లు గుర్తుకురాదు, ఊపిరి, పిస్టల్ మీద గురి చూసే సైటు, ట్రిగర్ మీద వేలు, అంతే. నా స్కోరు మా బ్యాచ్‌లో చాలామంది కుర్రాళ్ల కంటే ఎక్కువని కోచ్ అందరి ముందూ చెప్పారు, అది ఇక్కడ రాసుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. గొట్టం రంధ్రం (బోరు) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ మించకపోతే గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. 25 మీటర్ల పిస్టల్‌కి మారాలంటే మాత్రం అది 0.22, అసలైన తూటా, లైసెన్స్ ఉండాల్సిందే. రేంజ్ పిస్టల్‌తో కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. దాని గ్రిప్, అంటే పిడి, మగవాళ్ల చేతికి చేసింది, నా అరచేతిలో కుదురుగా కూర్చోదు. మన చేతికి సరిపోయేలా గ్రిప్ చెక్కించుకోవాలంటే సొంత పిస్టల్ ఉండాలి.

ఇంట్లో మా అత్తయ్య, "పెళ్లీడుకొచ్చిన పిల్ల ఉన్న ఇంట్లో తుపాకీ అంటే సంబంధం కలుపుకునేవాళ్లు ఏమనుకుంటారే" అన్నారు. ఆవిడని ఒకరోజు రేంజ్‌కి తీసుకెళ్లి వెనక కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కాగితాల పని తేలికే. ఆన్‌లైన్‌లో ఎ-1 దరఖాస్తు ఫారం, ఆయుధ శిక్షణ సర్టిఫికెట్, ఒంటికీ మనసుకీ ఆరోగ్యం బాగుందని డాక్టరు ఇచ్చే ఎస్-3 సర్టిఫికెట్, రైఫిల్ అసోసియేషన్ లెటరు, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటుకి ఆధారం. లైసెన్స్‌ని కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్ ఇస్తారు, లేని చోట కలెక్టర్. అన్నీ రెండేసి సెట్లు జిరాక్స్ పెట్టుకోండి.

పోలీస్ వెరిఫికేషన్ దగ్గర మొదలైంది అసలు కథ.

ఫారంలో నా ఫోన్ నంబర్ ఇచ్చాను. స్టేషన్ నుంచి ఫోన్ మాత్రం మా ఆయనకి వెళ్లింది. "సార్, మేడమ్ గారు తుపాకీకి అప్లై చేశారు, మీకు తెలుసా?" అని. మరుసటి రోజు నేనే స్టేషన్‌కి వెళ్తే, ఎదురుగా ఫైలు పెట్టుకుని కూడా ఆఫీసరు అడిగిన మొదటి మాట, "మీ వారు రాలేదామ్మా?" అప్లై చేసింది నేనండీ అన్నాను. "అది సరే, ఆయనకి అభ్యంతరం లేదని ఒక కాగితం రాయించుకుని రండి." అది ఏ రూల్‌లో ఉందని అడిగితే, రూల్ కాదమ్మా, పద్ధతి అన్నారు. నేను నిలబడే ఉన్నాను. పక్క టేబుల్ దగ్గర ఆత్మరక్షణ కోసమని తీసుకున్న లైసెన్స్‌ని రెన్యువల్ చేయించుకోవడానికి ఒకాయన వచ్చాడు. ఆయనకి కుర్చీ వేశారు, టీ తెప్పించారు. మీ భార్యకి ఇష్టమేనా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

అంతటితో అయిపోలేదు. ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ మా తలుపు కొట్టకముందే వాచ్‌మన్‌నీ కింది ఫ్లాట్ వాళ్లనీ అడిగాడు, ఆ మేడమ్‌కీ సార్‌కీ గొడవలేమైనా ఉన్నాయా, రాత్రిళ్లు అరుపులు వినపడతాయా అని. వారం తిరక్కుండా మా అపార్ట్‌మెంట్‌లో నేను మొగుణ్ని చంపడానికి తుపాకీ కొంటున్న మనిషినైపోయాను. లిఫ్ట్‌లో నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్లు. ఇరవై ఏళ్ల కాపురం గురించి వాచ్‌మన్‌ని సాక్ష్యం అడగడం ఎంత అవమానమో నాకు తెలిసింది.

మా ఆయన మంచివాడు, గొడవెందుకు ఒక లైను రాసిచ్చేస్తానన్నాడు. వద్దన్నాను. ఆ కాగితం నేను ఇస్తే నా వెనక వచ్చే ప్రతి ఆడదాన్నీ అడుగుతారు. మళ్లీ వెళ్లి, ఆ కాగితం కావాలని రాతపూర్వకంగా అడగండి, రాతపూర్వకంగానే జవాబిస్తాను అని ఒక దరఖాస్తు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకున్నాను. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఆ కాగితం లేకుండానే ఫైలు కదిలింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను తుపాకులు తేలిగ్గా ఇచ్చేయాలనే మనిషిని కాను. ఆత్మరక్షణకని బీరువాలో తుపాకీ పెట్టుకునే అలవాటు నాకు అస్సలు నచ్చదు, భయం వేసిన క్షణంలోనో కోపం వచ్చిన క్షణంలోనో అది ఇంట్లోవాళ్లకే తగులుతుంది. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చే వాళ్లకి రెండేళ్ల వరకు జైలు అని ఆయుధాల చట్టానికి చేసిన 2019 సవరణలో పెట్టారు, మంచి పని చేశారు. ఇంట్లో గొడవలున్నాయా అని పోలీసులు అడగడం కూడా న్యాయమే. కాకపోతే మగవాడు అప్లై చేసినప్పుడు ఆయన భార్యని పక్కకి పిలిచి, ఎవరూ వినకుండా, నీకు భయంగా ఉందా అమ్మా అని అడగాలి. ప్రమాదం ఎక్కువున్నది అక్కడే కదా. కెనడాలో లైసెన్స్ ఫారంలోనే భార్యో భర్తో సంతకానికి చోటుంటుంది, అది లేకపోతే అధికారులే వాళ్లకి తెలియజేస్తారు. ఆడ, మగ తేడా లేదు, ఇద్దరికీ ఒకటే పద్ధతి. అలాంటిది ఇక్కడ పెడితే మొదట సంతకం పెట్టించేది నేనే.

పిస్టల్ షూటర్ ఈషా సింగ్ మన హైదరాబాద్ అమ్మాయి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఆ ఫోటోలు స్టేటస్‌లో పెట్టుకున్న వాళ్లే మా అపార్ట్‌మెంట్‌లో నన్ను చూసి గుసగుసలాడారు. పతకం తెస్తే ఆటట, నేర్చుకుంటే అనుమానమట.

వెరిఫికేషన్‌కి వెళ్లేవాళ్లు ఫైలు నంబరు రాసుకుని వెళ్లండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి, నోటిమాటగా అడిగినదేదీ ఇవ్వకండి. కింది ఫ్లాట్ వాళ్లకి ముందే మీరే చెప్పుకోవడం మంచిది, ఆ మాట వేరేవాళ్ల నోటి నుంచి వాళ్లకి చేరకూడదు.

పిస్టల్ ఇంకా కొనలేదు. లైసెన్స్‌లో రాసిన గడువులోపు కొని, తీసుకెళ్లి చూపించి, దాని నంబరు ఎక్కించుకోవాలి. నింపిన ఫారాల జిరాక్స్ సెట్ ఒకటి నా దగ్గర అదనంగా ఉంది, ఆదివారం రేంజ్‌కి తెస్తాను, కావాల్సిన వాళ్లు చూసుకోండి.