ఇవాళా రేపూ అంటూ మూడు నెలలు

భాగవతం అనగానే వెన్నదొంగ, రోటికి కట్టేసిన యశోదమ్మే మనకు గుర్తొస్తారు. కృష్ణుణ్ణి ఎక్కించుకుని రథం మథురకు కదిలాక ఆ తల్లి ఏమైందో తలుచుకునేవాళ్ళు తక్కువ. కంసవధ అయ్యాక కృష్ణుడు నందుడితో, "మీరు పల్లెకు వెళ్ళండి నాన్నా, ఇక్కడి మనవాళ్ళను సుఖపెట్టి మిమ్మల్ని చూడడానికి వస్తాం" అన్నాడు. మళ్ళీ వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నది దశమ స్కంధం 82వ అధ్యాయంలో, సూర్యగ్రహణ స్నానానికి అందరూ కురుక్షేత్రం చేరినప్పుడు.

తావాత్మాసనమారోప్య బాహుభ్యాం పరిరభ్య చ ।
యశోదా చ మహాభాగా సుతౌ విజహతుః శుచః ॥

నందుడూ యశోదా కొడుకులిద్దరినీ తమ ఆసనం మీదే కూర్చోబెట్టుకుని, రెండు చేతులా కావలించుకుని, అన్నాళ్ళ దుఃఖమూ వదిలేశారట. బలరామకృష్ణులకు గొంతు పూడుకుపోయి మాట రాలేదని ముందు శ్లోకం చెబుతుంది.

అప్పటికి కృష్ణుడి వయసెంతో చూడండి. ఆ యాత్రకు బయలుదేరినప్పుడు ద్వారకకు కాపలాగా ఉండిపోయినవాళ్ళలో అనిరుద్ధుడున్నాడు. ఆయన కృష్ణుడి మనవడు! నగరాన్ని కాపాడేంత మనవడున్న మనిషిని ఆ తల్లి పక్కన కూర్చోబెట్టుకుని కావలించుకుంది. వస్తానని ఎందుకు రాలేదురా అని అడగలేదు. ఆ ఘట్టంలో యశోద నోట ఒక్క మాటా లేదు. నన్ను కట్టిపడేసేది అదే.

మాది కోనసీమ. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి బెంగళూరులో ఉంటారు. వీసా టెన్షన్లు, ఉద్యోగాలు, పిల్లల స్కూళ్ళు... ఇద్దరూ ఒకేసారి ఇంటికి రావడం ఏళ్ళ తరబడి కుదరలేదు. ఈ సంక్రాంతికి ఆ భగవంతుడు కుదిర్చాడు.

భోగి నాడు అబ్బాయికి తలంటాను. చిన్నప్పటి పీటే వేస్తే మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని కూర్చున్నాడు. నువ్వుల నూనె మాడుకు పట్టిస్తుంటే చెవుల పైన తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నా చేతుల్లో పెరిగిన తల అది. నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు రాలేకపోయావే, ఫోన్ చేస్తే ఎప్పుడూ హడావిడేనా అని అడగాల్సినవి మనసులో చాలానే ఉన్నాయి. చెయ్యి తల మీద పడ్డాక ఒక్కటీ నోటిదాకా రాలేదు. "అమ్మా, ఇంకాస్త గట్టిగా రుద్దు" అన్నాడు. నాకింకేం కావాలి? పక్కనే అమ్మాయి సున్నిపిండి కలుపుతూ తన వంతు ఎప్పుడని గొడవ. శోకం వదిలేయడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

కనుమ నాడు అందరం కలిసి మోసలపల్లి జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాం. చుట్టుపక్కల 11 ఊళ్ళ నుంచి 11 మంది రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన వాహనాల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. గంగలకుర్రు అగ్రహారం వీరేశ్వరుడి ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక నదిలోకి దిగారు. ఒడ్డున "శరభ శరభ" అని అరుస్తున్న జనంలో మావాడి గొంతే నాకు వినిపించింది. మోసలపల్లి మధుమానంత భోగేశ్వరుడిది ఆతిథ్యం. అందరికంటే ముందు తోటకు చేరేదీ, అందరూ వెళ్ళాక కదిలేదీ ఆయనే. మనలాంటి తల్లిదండ్రులకు ఆ స్వామిని చూస్తే మన ఇంటి దేవుడే అనిపిస్తుంది.

భాగవతంలో ఆ తర్వాత దేవకీ రోహిణులు యశోదను కౌగిలించుకుంటారు. కనురెప్పలు కళ్ళను కాచినట్టు మా పిల్లల్ని కాచావమ్మా, నీ రుణం తీర్చలేం అంటారు. కన్నతల్లి ఆ మాట అనడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

యాగాలూ అవీ ముగిశాయి, రాజులంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు మళ్ళారు. నందుడు మాత్రం కదల్లేదు. "అద్య శ్వ ఇతి మాసాంస్త్రీన్" అని 84వ అధ్యాయంలో ఉంది. ఇవాళ వెళ్తా, రేపు వెళ్తా అంటూ మూడు నెలలు పిల్లల దగ్గరే ఉండిపోయాడట. కనుమ నాడు కాకి కూడా కదలదని మనవాళ్ళు అంటారు. ఆ సామెత చెప్పి మా అబ్బాయి చేత టికెట్ మార్పించాను. ముక్కనుమ నాటి ప్రయాణం ఆదివారానికి వాయిదా పడింది.

కనుమ రాత్రి గారెలు తిన్నాక వసారాలో కూర్చుని ఆ 82వ అధ్యాయం చదువుకున్నాం. అబ్బాయి శ్లోకం చదివాడు, నేను తాత్పర్యం చెప్పాను. పిల్లలు ఇంటికి వచ్చిన పండగ రోజుల్లో మీరూ చదువుకోండి. అరగంట కూడా పట్టదు.